మందు తూచే ఉద్యోగం

నేను అమెరికాలో తొమ్మిదేళ్ళు మందు తూచే ఉద్యోగం చేశాను. ఈ మాట తెలుగులో చెబితే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. మా చర్చిలో ఆడవాళ్ళు మందుల కంపెనీ అనుకున్నారు. మావారి స్నేహితుడొకాయన ఇంకో రకం మందు అనుకుని, ఒకసారి పక్కకి పిలిచి మంచిదేదో చెప్పమని అడిగాడు. నేను తూచింది తుపాకి మందు. పోటీల్లో పిస్టల్ కాల్చేవాళ్ళకి చేత్తో తూటాలు తయారుచేసి ఇచ్చే చిన్న దుకాణంలో పనిచేశాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా చదువుతారని, ఆ తొమ్మిదేళ్ళలోకీ నేను చేసిన పెద్ద తప్పు గురించి రాస్తున్నాను. బాగా చేసిన పనుల గురించి రాస్తే మీకు నిద్రొస్తుంది.

అంతకుముందు ఏలూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పదిహేనేళ్ళు అసిస్టెంటుగా చేశాను. మావారికి రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో వచ్చేశాం. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. సన్నటి తూకం తెలిసినవాళ్ళు కావాలి, చేతులు వణకకూడదు, తొందరపడే మనిషి పనికిరాడు అని రాసి ఉంది. ఇది నన్ను చూసి రాసిందే అనుకున్నాను. ఫార్మసీ అయి ఉంటుందనుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, డిగ్రీ సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వెళ్ళాను. అది ఊరికి నలభై నిమిషాల దూరంలో, టైర్ల షాపుకీ కుక్కలకి స్నానం చేయించే షాపుకీ మధ్య ఉంది. గోడల నిండా పిస్టళ్ళు.

వెనక్కి తిరిగి వచ్చేసేదాన్నే. కానీ ఆ యజమాని, డెబ్భైకి దగ్గర పడ్డ పొడుగాటి మనిషి, నా ముందు ఒక త్రాసు పెట్టాడు. నా చేతులు నన్నడగకుండానే పనిలోకి దిగాయి. త్రాసు సమంగా ఉందో లేదో చూశాను. పళ్ళెం తుడిచాను. గాలి తగులుతోందని లేచి వెళ్ళి కిటికీ మూశాను. ఇంకా ఏమీ తూయకముందే ఆయన సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆయన పిస్టళ్ళు సరిచేసేవాడు. కొత్త పిస్టల్ ట్రిగ్గర్ ఎలా ఉంటుందంటే, తుప్పు పట్టిన గడియలాగా జరిగీ జరిగీ ఎప్పుడో ఠక్కుమంటుంది. పోటీకి వెళ్ళేవాళ్ళకి అది పనికిరాదు. ఈయన లోపలి భాగాలు రాయి మీద అరగదీసి, స్ప్రింగులు మార్చి, కళ్ళు మూసుకుని ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి నొక్కి చూసేవాడు. ఒకసారి నన్నూ నొక్కి చూసి ఎలా ఉందో చెప్పమన్నాడు. పచ్చిమిరపకాయ తొడిమ తుంచినట్టుంది అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మర్నాడు డబ్బాలో నాలుగు మిరపకాయలు తీసుకెళ్ళి తుంచి చూపించాను. ఆయన మూడు తుంచి, నాలుగోది చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా ఇంకా తొడిమ దాకా రాలేదనో, తొడిమ వచ్చేసిందనో చెప్పేవాడు. మూడు రాష్ట్రాల నుంచి వచ్చే షూటర్లు ఆ మాట అలవాటు చేసుకున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకి తెలియదు.

నా పని వెనక గదిలో. కాల్చేసిన ఇత్తడి తొడుగులు శుభ్రం చేసి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగించాలి. ఫోను సొరుగులో పెట్టేయాలి. మాట్లాడకూడదు, రేడియో పెట్టకూడదు. ఒక తొడుగులో మందు పడక బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కున్నా, రెండుసార్లు పడినా కాల్చేవాడి చెయ్యి పోతుంది. అందుకని ప్రతి తొడుగులోకీ టార్చి వేసి చూసేదాన్ని. ఇంట్లో పప్పు ఏరినా టార్చి కావాలంటానని మావారు ఏడిపించేవారు.

నా ఉద్యోగం సంగతి మావారు ఎవరికీ చెప్పనివ్వలేదు. మాది ఆదివారం మధ్యాహ్నాలు అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే చిన్న తెలుగు సంఘం. అక్కడ తుపాకుల షాపు అంటే ఏమనుకుంటారో అని ఆయన భయం. ఎవరైనా అడిగితే మందు తూస్తుంది అని చెప్పేవారు, అది అబద్ధం కాదు కదా అని నాతో అనేవారు. దాంతో సంఘంలో అందరూ నన్ను విటమిన్ బిళ్ళల గురించీ, షుగరు మాత్రల గురించీ అడగడం మొదలుపెట్టారు. మీ డాక్టర్ని అడగండి అని ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. చాలా జాగ్రత్త గల మనిషి అని పేరొచ్చింది.

ఏడో ఏడు చలికాలంలో ఒక శనివారం షాపు ముందు గదిలోకి వెళ్ళేసరికి, కౌంటరు దగ్గర మా పాస్టరుగారి అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది, ఇంజినీరు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. చేతిలో పిస్టల్ పెట్టె ఉంది. నా ఒంటి మీద మందు మరకల ఏప్రను. తను పెట్టె వెనక్కి దాచుకుంది, నేను ఏప్రను ముడి విప్పబోయాను.

"ఆంటీ, ప్లీజ్, మమ్మీకి చెప్పొద్దు," అంది చివరికి. "మీ గురించి నేను కూడా చెప్పను. డీల్?"

ఒప్పుకున్నాను. యూనివర్సిటీలో ఉండగా స్నేహితులతో సరదాగా వెళ్ళి మొదలుపెట్టిందట. ఇంట్లో శనివారాలు కుండలు చేయడం నేర్చుకుంటున్నానని చెప్పింది. మూడు నెలలైనా ఒక్క కుండా ఇంటికి రాకపోయేసరికి వాళ్ళమ్మ అడిగింది. ఈ పిల్ల షాపులో ఒకటి కొని పట్టుకెళ్ళి నేనే చేశానంది. అడుగున ధర స్టిక్కరు అలాగే ఉంది.

తను చక్కగా కాలుస్తుందని మా షాపు పెద్దాయనే చెప్పాడు. మామూలుగా ఆయన నోటి నుంచి ఆ మాట రాదు. మార్చిలో రాష్ట్ర స్థాయి పోటీ ఉంది. అందులో ఆడవాళ్ళలో మొదటి పన్నెండుమందికి వేసవిలో జరిగే దేశస్థాయి పోటీలో చోటు దొరుకుతుంది. అందులో దొరకనివాళ్ళకి ఏప్రిల్ చివర ఇంకొక్క పోటీ ఉంటుంది, అంతే. పిస్టల్ ఆయన సరిచేశాడు, తొడిమ దాకా వచ్చింది. తూటాలు నా వంతు.

ఇక్కడ ఒక్క నియమం మీకు చెప్పాలి. తూటాలో మందు తగ్గిస్తే పిస్టల్ వెనక్కి తక్కువ తన్నుతుంది. తక్కువ తన్నితే రెండో గురి త్వరగా కుదురుతుంది. అందరూ అలా తగ్గించుకుంటూ పోకుండా ఒక గీత గీశారు. బుల్లెట్ బరువుని దాని వేగంతో గుణిస్తే వచ్చే సంఖ్య ఆ గీత దాటాలి. పోటీ రోజున ప్రతివాళ్ళ తూటాలూ కొన్ని తీసుకుని అక్కడే కొలుస్తారు. గీత దాటకపోతే ఆ రోజు ఎంత బాగా కాల్చినా సున్నా.

ఆ పిల్లవి సన్నటి చేతులు. వీలైనంత మెత్తగా ఉండేలా చేసిపెట్టమని అడిగింది. పెద్దాయన నన్ను పిలిచి, గీతకి కాస్త పైనే ఉంచు, మరీ అంచుకి పోవద్దు అన్నాడు. నేను తల ఊపాను. లోపలికి వచ్చి కూర్చున్నాక మాత్రం, ఆ పైన ఉంచడం అనేది చెయ్యి సరిగ్గా కుదరనివాళ్ళకి కదా అనిపించింది. ఏడేళ్ళ నుంచి నా తూకంలో తేడా రాలేదు. మూడు రోజులు కూర్చుని బుల్లెట్లు ఒక్కొక్కటీ తూచి, ఒకే బరువున్నవి ఏరాను. మందు గింజ గింజా లెక్కపెట్టినట్టు పోశాను. మా షాపు వెనక కాల్చి చూసే గదిలో పెద్దాయన చేత పది తూటాలు కాల్పించి వేగం కొలిచాను. పదికి పదీ గీత దాటాయి, వెంట్రుకవాసి తేడాతో. అప్పుడు నాకు కలిగిన గర్వం పెళ్ళినాడు కూడా కలగలేదు. పెద్దాయన అంకెలు చూసి, చాలా దగ్గరగా ఉంది అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

పోటీకి పెద్దాయన ప్రతిసారీ చిన్న బల్ల వేసుకుని, పాడైన పిస్టళ్ళు అక్కడికక్కడే బాగుచేసేవాడు. ఆ ఏడు నేనూ వస్తానన్నాను. అన్నేళ్ళలో నా తూటాలు ఎక్కడ పేలతాయో నేను చూడనే లేదు.

కొండల మధ్య అడవిలో ఉంది ఆ మైదానం. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. నేను రెండు స్వెట్టర్లు, పైన మావారి కోటు వేసుకున్నాను. ఆ పిల్ల తూటాల్లోంచి ఎనిమిది తీసి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఇనప బల్ల మీద పెట్టారు. మిగతా అందరి సంచులతో పాటు అది గంటసేపు ఆ చలిలో అక్కడే పడి ఉంది. అది చూస్తూ కూడా నాకేమీ తట్టలేదు. పదిహేనేళ్ళు కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసిన మనిషిని. చలికి మందు మందగిస్తుందని ఎవరో వచ్చి చెప్పాలా?

కొలిచే ఆయనకి గుబురు గడ్డం, ఎర్ర టోపీ. ఒక తూటా విప్పి బుల్లెట్ తూచాడు. మూడు కాల్చాడు. తెర మీద అంకె చూసి, బరువుతో గుణించి, కాగితం మా వైపు తిప్పాడు. గీతకి కింద. నియమం ప్రకారం ఇంకో మూడు కాల్చాడు. అవీ కిందే.

ఇక ఒక్క తూటా మిగిలింది. దాన్ని ఏం చేయాలో షూటరే చెప్పాలట. కాల్చి చూడమనవచ్చు, వేగం పెరిగితే లెక్క మారుతుంది. లేదంటే విప్పి తూయమనవచ్చు, ఈ బుల్లెట్ మొదటిదానికంటే బరువుంటే ఆ బరువుతోనే లెక్క కడతారు. మామూలుగా పెట్టెలో బుల్లెట్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి చాలామంది తూయించుకుని బయటపడతారట.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "ఆంటీ, తూయమనాలా, కాల్చమనాలా?"

"కాల్చమను," అన్నాను. "తూస్తే లాభం లేదమ్మా. అన్నీ ఒకటే బరువు. నేనే ఏరాను."

కాల్చాడు. ముందువాటికంటే కాస్త మెరుగు, కానీ చాలలేదు. గడ్డం ఆయన అమ్మాయి పేరు పక్కన గుర్తు పెట్టి, కావాలంటే పోటీలో ఉన్న పందాలన్నీ వరసగా కాల్చుకోవచ్చు, లెక్కలోకి మాత్రం రాదు అని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత కాగితం మళ్ళీ చూసి, ఇంత సమానంగా తప్పిన తూటాలు నేనింతవరకూ చూడలేదు, చేసినవాళ్ళెవరో గాని గొప్ప పనివాళ్ళు అన్నాడు. మావారి కోటు కాలరులోకి తల దూర్చుకున్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా నాకు కాస్త బాగుండేది. నా భుజం తట్టి, పర్లేదు ఆంటీ, వచ్చాం కదా, కాల్చే వెళ్తాను అంది. సరిగ్గా అప్పుడే గేటు వైపు నుంచి పాస్టరుగారూ, పాస్టరమ్మగారూ నడిచి వస్తూ కనిపించారు.

పాస్టరమ్మగారికి ధర స్టిక్కరు చూసిన దగ్గర్నుంచీ అనుమానమే. ఆ రోజు అమ్మాయి ఫోను ఎక్కడుందో తన ఫోనులో చూస్తే, కుండల క్లాసు అడవి మధ్యలో కనిపించింది. ఎవరో అబ్బాయి ఉన్నాడని తేల్చుకుని పాస్టరుగారిని బయల్దేరదీసింది. పాస్టరుగారు కోటూ టైతో వచ్చారు, పెళ్ళిమాటలకి వచ్చినట్టు. చెవులకి రక్షణ లేకుండా లోపలికి రానివ్వరు కాబట్టి, గేటు దగ్గర ఇద్దరికీ నారింజ రంగు డిప్పలు తగిలించారు. చీరా, స్వెట్టరూ, చెవులకి డిప్పలూ, చేతిలో స్టీలు టిఫిను డబ్బా, ఇదీ పాస్టరమ్మగారు. కనీసం ఆ అబ్బాయికి తిండైనా పెట్టి మాట్లాడదామనుకుందట.

నన్ను చూసి ఆశ్చర్యపోయింది గాని, ముందు అసలు విషయం తేల్చుకోవాలి. "అక్కా, అబ్బాయేడి?" అని గట్టిగా అడిగింది. డిప్పలు పెట్టుకుంటే ఎంత గట్టిగా అరుస్తున్నామో మనకే తెలియదు.

అబ్బాయి లేడని నేనూ అరిచి చెప్పాను. ఆవిడ ముఖం తేటపడింది. అంతలో కూతురు నడుముకున్న పిస్టల్ కనిపించింది. తేటపడిన ముఖం తేటపడినట్టే ఉండి, రంగు మాత్రం మారింది.

ఇంకేమీ అడిగే వ్యవధి లేకుండా అమ్మాయి పేరు పిలిచారు. బీప్ మని చప్పుడైంది. ఆ పిల్ల చెక్క గోడల మధ్య పరుగెత్తుతూ, ఆగుతూ, ఇటొకటి అటొకటి కాల్చింది. ఇనప పలకలు టంగు టంగుమని పడుతున్నాయి. ఇక పోయేదేమీ లేదన్న తెగింపో ఏమో, ఆ రోజు కాల్చినట్టు తను ఎప్పుడూ కాల్చలేదని తర్వాత పెద్దాయన అన్నాడు. పాస్టరమ్మగారు మొదట కళ్ళు మూసుకుంది. రెండో పందానికి వేళ్ళ మధ్య నుంచి చూసింది. మూడో పందానికి పడిన పలకలు లెక్కపెడుతోంది. నాలుగోదానికి పక్కనున్న ఒక అమెరికనావిడకి, ఆ అమ్మాయి మా అమ్మాయి అని చెబుతోంది. పాస్టరుగారు చివరిదాకా టై సర్దుకుంటూ నిలబడ్డారు. కూతురు దగ్గరకి వచ్చాక మాత్రం, ఇంత నిటారుగా నిలబడ్డం వచ్చిన పిల్లవి కీబోర్డు దగ్గర అలా గూనిగా ఎందుకు కూర్చుంటావని అడిగారు.

మధ్యాహ్నానికి తెర మీద ఫలితాలు వచ్చాయి. అందరికంటే కింద అమ్మాయి పేరు, పక్కన సున్నా. పాస్టరమ్మగారు నేరుగా గడ్డం ఆయన దగ్గరకి వెళ్ళింది. తను స్వయంగా లెక్కపెట్టానని, పలకలన్నీ పడ్డాయని, కావాలంటే వెళ్ళి చూసుకోమని చెప్పింది. ఆయన టోపీ తీసి, ఓపిగ్గా వివరించి, చివరికి నా వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ నా దగ్గరకి వచ్చి నిలబడింది. చెప్పక తప్పలేదు. నేను పనిచేసేది మందుల కంపెనీలో కాదని, తుపాకి మందు తూస్తానని, అమ్మాయి తూటాలు నేనే చేశానని, చలి సంగతి మరిచిపోయానని, అంతా అరిచి చెప్పాను. ఆ సమయానికి ఎవరూ కాల్చడం లేదు. మైదానమంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ డిప్పలు తీసి మెడకి వేలాడేసుకుంది.

"అంటే మా పిల్ల తప్పేం లేదు కదా అక్కా?"

"లేదండీ."

"తప్పంతా మీదే కదా?"

"నాదేనండీ."

ఆవిడకి ఎంత ఊరటో చెప్పలేను. వెంటనే టిఫిను డబ్బా తెరిచి, నాకే ముందు పులిహోర పెట్టింది. ఆ చలిలో, ఆ సిగ్గులో, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. గడ్డం ఆయన కూడా తిన్నాడు. ఇంటికి వెళ్ళేముందు పెద్దాయన పెన్సిలు తీసి అమ్మాయి మార్కులు లెక్క కట్టాడు. లెక్కలోకి వచ్చి ఉంటే ఏడో స్థానం. ఆ అంకె చూశాక పులిహోర అరగలేదు.

మర్నాడు చర్చిలో అందరికీ తెలిసిపోయింది. పాస్టరమ్మగారే చెప్పింది, తప్పు ఎవరిదో వివరంగా. నన్ను విటమిన్ల సలహా అడిగినవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు. సంఘపెద్ద ఒకాయన నన్ను పక్కకి పిలిచి, మొదటిసారి కొనేవాళ్ళకి ఏది మంచిదని అడిగాడు. మావారు ప్రార్థన అయ్యేదాకా కారులోనే కూర్చున్నారు.

సోమవారం రాజీనామా కాగితం పట్టుకెళ్ళాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివాడు. అంచుకి పోవద్దంటే నువ్వు సరేనని తల ఊపావు కదా అన్నాడు. మా వైపు దానికి విన్నాను అని అర్థం, సరే అని కాదు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, అయితే ఏడేళ్ళుగా నువ్వు దేనికీ సరే అనలేదన్నమాట అన్నాడు. అప్పటి నుంచి నోటితో చెప్పించుకునేవాడు. రాజీనామా మడిచి ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టి, కోటు వేసుకోమన్నాడు.

వేగం కొలిచే యంత్రాన్నీ, నా కుర్చీనీ, తూటాలనీ కారులో వేసుకుని, మంచు ఇంకా కరగని ఆ మైదానానికే తీసుకెళ్ళాడు. రోజంతా అక్కడే. తూటాలు చలిలో పరిచి ఉంచడం, కాల్చడం, రాసుకోవడం. నా వేళ్ళు కొంకర్లు పోయి అంకెలు వంకరగా పడ్డాయి. ఆయన ముక్కు ఎర్రగా అయిపోయింది. చలికీ ఎండకీ తేడా వచ్చే మందుని పక్కన పెట్టి వేరేది ఎంచాం. గీతకి ఎంత పైన ఉండాలో ఆయన వేలితో చూపించాడు, నేను సరే అని గట్టిగా అన్నాను.

పిల్లలూ, మీరు రేపు ఏ ఆఫీసులో ఏ పని చేసినా, వెచ్చటి గదిలో కూర్చుని చేస్తారు. అది వాడేవాడు ఎక్కడ నిలబడి ఉంటాడో ఒక్కసారి వెళ్ళి చూడండి. నేను వెళ్ళి చూడటానికి ఏడేళ్ళు పట్టింది. అప్పటికి నా పనితనం మీద నాకున్న నమ్మకం తూటాలకంటే బరువెక్కి ఉంది.

ఏప్రిల్ చివర రెండో పోటీకి నేను వెళ్ళలేకపోయాను, మోకాలు వాచింది. సాయంత్రం అమ్మాయి మెసేజ్ పెట్టింది. తూటాలు గీత దాటాయి, పదకొండో స్థానం, దేశస్థాయికి చోటు దొరికింది. సంతోషంతో కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి మావారికి చెబుతూ ఉండగానే ఫోను మోగింది. పాస్టరమ్మగారు.

వందనాలు అక్కా అంది. దేవునికి స్తోత్రం చెప్పింది. మోకాలు ఎలా ఉందని అడిగింది. ఏదో మనసులో పెట్టుకుని ఎలా అడగాలా అని ఆలోచిస్తున్నట్టుంది.

"ఏమనుకోకండి అక్కా," అంది చివరికి. "దానికంటే ముందు పదిమంది ఉన్నారు కదా. వాళ్ళకి ఎవరు తూచి ఇస్తున్నారు?"